జడలు కట్టిన బొచ్చుకుక్కకు ఏడిపించకుండా చిక్కు తీయడం ఎలా

పోయినేడాది కార్తీకం వానల్లో జరిగిన సంగతి ముందు చెప్తాను. నెల్లూరులో ముసురు పట్టిందంటే బట్టలే నాలుగు రోజులకు గానీ ఆరవు, ఇక షిట్జూ కుక్క బొచ్చు ఏం ఆరుతుంది. మా జున్నుగాడు వాసన కొడుతున్నాడని ఒకరోజు షాంపూ పెట్టి శుభ్రంగా తలంటు పోశాను. పోసే ముందు పైపైన దువ్వాను కూడా, దువ్వెన ఎక్కడా ఆగలేదు, బాగానే ఉందనుకున్నా. తీరా ఆరాక చెయ్యి పెడితే చెవుల వెనకా చంకల్లోనూ పాత కంబళి ముక్కలు అతికించినట్టు ఉంది. ఒక ఉండను పట్టుకుని పైకి లాగి కత్తెరతో కసుక్కున కోశాను. ఉండతో పాటు చర్మం కూడా తెగింది. వాడు అరవను కూడా అరవలేదు, నా వంక ఒక్క చూపు చూసి మంచం కింద దూరాడు. డాక్టరు గారు రెండు కుట్లు వేసి, "కత్తెర కేసులు మాకు కొత్తేం కాదులేమ్మా" అన్నారు. ఆ తర్వాత మూడు నెలలు దువ్వెన కనిపిస్తే చాలు వాడు వణికేవాడు.

ఇప్పుడు దువ్వెన తీస్తే వాడే వచ్చి టేబుల్ దగ్గర నిలబడతాడు. మధ్యలో నేను నేర్చుకున్నదంతా ఇది. షిట్జూ, లాసా ఆప్సో, మాల్టీస్, పమేరియన్, వీటి కలగలుపు జాతులు, ఏ చిన్న బొచ్చుకుక్కకైనా పద్ధతి దాదాపు ఒకటే. తేడా వచ్చేచోట చెప్తాను.

అసలు ఉండలు ఎందుకు కడతాయి

రాలిన వెంట్రుక కింద పడకుండా పక్క వెంట్రుకల్లోనే ఇరుక్కుంటుంది. వెంట్రుక మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి, రాపిడి తగిలినప్పుడల్లా అవి ఒకదానికొకటి పట్టేసుకుంటాయి. దానికి తడి తోడైతే ఇక ఊలు బట్ట నానినట్టే, ఆరేకొద్దీ దగ్గరికి బిగుసుకుంటుంది. అందుకే రాపిడి ఎక్కడుంటే ఉండ అక్కడుంటుంది: చెవుల వెనక, కాలరు కింద, చంకల్లో, తొడల లోపల, తోక మొదట్లో, పాదాల వేళ్ల మధ్య. బట్టల జాకెట్ వేసే అలవాటుంటే దాని కిందంతా.

ఇది అందం సమస్య కాదు. ఉండ బిగిసేకొద్దీ చర్మాన్ని లాగుతూనే ఉంటుంది, మనకు జడ మరీ బిగించి వేస్తే నుదురు లాగినట్టు, కాకపోతే రాత్రీ పగలూ. కింద గాలి ఆడదు, చెమ్మ నిలుస్తుంది, పుండు పడుతుంది, మన వానాకాలంలో ఆ పుండు మీద ఈగ వాలిందంటే పురుగులు పడతాయి. తోక కింద ఉండ కడితే మలం అక్కడే అట్టకట్టి బయటికి రాక కుక్క నానా అవస్థ పడుతుంది.

ముందు చేత్తో చూడండి

దువ్వెన తీయకముందు పది నిమిషాలు ఊరికే నిమరండి. అరచేత్తో కాదు, వేళ్ల కొసలు చర్మం దాకా దించి, తల నుంచి తోక దాకా. ఎక్కడెక్కడ గట్టిగా తగిలిందో గుర్తు పెట్టుకోండి. ఒక్కో ఉండను చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. ఉండకూ చర్మానికీ మధ్య మీ వేలు దూరుతుంటే అది దువ్వితే వచ్చే రకం. వేలు దూరకుండా, ఉండ కదిపితే చర్మం కూడా కదులుతుంటే దాంతో కుస్తీ పట్టొద్దు, దాని సంగతి తర్వాత. చెయ్యి పెట్టగానే వేడిగా ఉన్నా, చెమ్మగా తగిలినా, చెడు వాసన వచ్చినా, కుక్క గుర్రుమన్నా అక్కడ ఆపి డాక్టరుకు చూపించండి. ఇంట్లో చేసే పని కాదది.

ఏమేం కావాలి

పెద్ద ఖర్చేమీ లేదు. ఒకటి స్టీల్ దువ్వెన, సగం పళ్లు ఎడంగా, సగం దగ్గరగా ఉండేది. రెండోది స్లిక్కర్ బ్రష్, అంటే సన్నటి వంకీ తీగలు గుత్తంగా ఉండే బ్రష్, చిన్న కుక్కలకు మెత్తటి రకం అడగండి. కొన్నాక ఆ తీగలను మీ మోచేతి లోపలివైపు నొక్కి చూసుకోండి, గీరుకుపోతుంటే కుక్కకూ అంతే. మూడోది చిన్న స్ప్రే సీసా. పావులీటరు నీళ్లలో ఒక చెంచా కుక్కల కండిషనర్ కలిపితే చిక్కు జారడానికి అది చాలు. నాలుగోది వంటింట్లోనే ఉంటుంది, గోబీ మంచూరియాకు వాడే కార్న్‌ఫ్లోర్.

మా అమ్మ పేలదువ్వెన తెచ్చిచ్చింది, మా చిన్నప్పటిది. దాంతో చిక్కు తీయాలని చూడొద్దు, పళ్లు మరీ దగ్గర, లాగేస్తుంది. కళ్ల కింద పుసులు తీయడానికి మాత్రం భలే పనికొస్తుంది.

వాడకూడనివి ఇంకా ముఖ్యం. కొబ్బరినూనె పట్టిస్తే చిక్కు జారుతుందన్నది నిజమే గానీ మన దుమ్ముకు అరగంటలో మట్టిముద్ద అవుతుంది, పైగా నాకేస్తుంది. మరీ తప్పకపోతే ఉండ మీద ఒక్క చుక్క, అదే రోజు కడిగేయాలి. నూనెలో కర్పూరం కలిపి రాసే అలవాటు మనవైపు చాలామందికి ఉంది, గోమార్లు, అంటే పిడుదులు, పోతాయని. కర్పూరం కుక్కకు విషం, నాకినా, చర్మం గుండా లోపలికి దిగినా. కిరోసిన్ మాట ఎత్తొద్దు. టీ ట్రీ ఆయిల్ ఉన్న షాంపూలు, నూనెలు కూడా వద్దు.

ఎప్పుడు, ఎక్కడ కూర్చోబెట్టాలి

వాకింగ్ అయ్యాక, కాస్త అలిసి ఉన్నప్పుడు. మే నెలలో అయితే పొద్దున్నే ఏడు లోపు, లేదా రాత్రి ఫ్యాన్ కింద. షిట్జూ ముక్కు చప్పిడి కాబట్టి ఉక్కలో టెన్షన్ పెడితే ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంది. నాలుక ముదురు ఎరుపెక్కి గసపెట్టడం మొదలుపెట్టిందంటే ఆ పూటకు పని అయిపోయింది, నీళ్లిచ్చి చల్లగా పడుకోనివ్వండి.

నేల మీద కంటే ఎత్తు మీద కుక్క నిలకడగా ఉంటుంది. నేను వాషింగ్ మెషిన్ మీద రబ్బరు డోర్‌మ్యాట్ వేసి నిలబెడతాను. కాళ్లు జారకపోతే సగం భయం పోతుంది. ఒక చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉండాలి, ఫోన్ మోగినా సరే. ఇంకొకరు ఎదురుగా నిలబడి ఉడికించిన చికెన్ తునకలు ఒక్కోటీ ఇస్తుంటే అంతకంటే ఏం కావాలి. ఉప్పూ కారం లేకుండా, శనగగింజంత తునకలు. చేపల పులుసులో ముక్క కడిగి పెడదామనుకుంటారేమో, అందులో ఉల్లిపాయా వెల్లుల్లీ ఉంటాయి, రెండూ కుక్కకు చెరుపు చేసేవే, ముల్లు సంగతి సరేసరి. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కూడా వద్దు.

పది నుంచి పదిహేను నిమిషాలు, అంతే. ఉండలు పన్నెండు ఉంటే నాలుగు రోజులు పడుతుంది, పట్టనివ్వండి. ఒక్క ఆదివారంలో మొత్తం తీసేయాలన్న పట్టుదల దగ్గరే పని చెడుతుంది. నాకు చెడింది అక్కడే.

దువ్వెనతో పాత గొడవ ఉన్న కుక్కైతే మొదటి వారం దువ్వొద్దు. దువ్వెన చూపించి చికెన్ ముక్క, దువ్వెన వెనకవైపుతో వీపు నిమిరి ఒక ముక్క, ఒక్క దువ్వు దువ్వి ఇంకో ముక్క. జున్నుగాడికి ఇది మూడు వారాలు పట్టింది.

ఒక ఉండను తీయడం

ఎడమ చెవి వెనక ఉసిరికాయంత ఉండ ఉందనుకోండి. ముందు దాని మీద స్ప్రే రెండుసార్లు కొట్టండి. తడి తగిలితే ఉండ బిగుస్తుందని చెప్పి ఇప్పుడు స్ప్రే ఏంటని మీరు అడగొచ్చు. నానడం వేరు, మంచు పట్టినట్టు తడవడం వేరు. ఎండు వెంట్రుకను దువ్వితే తెగుతుంది, పూర్తిగా నానిన ఉండ బిగుస్తుంది, మనకు కావల్సింది ఆ మధ్యది. లేదంటే స్ప్రే బదులు చిటికెడు కార్న్‌ఫ్లోర్ ఉండలోకి రుద్దండి, జిగట పీల్చుకుని వెంట్రుకలు విడతాయి. కంటి దగ్గరలో మాత్రం పిండి వద్దు.

ఇప్పుడు ఎడమచేతి బొటనవేలు, చూపుడువేళ్లతో ఉండకూ చర్మానికీ మధ్య ఉన్న జుట్టును గట్టిగా పట్టుకోండి. ఈ పట్టే అసలు కిటుకు. మీరు కుడిచేత్తో ఎంత లాగినా ఆ లాగుడు మీ వేళ్ల దగ్గర ఆగిపోవాలి, చర్మం దాకా పోకూడదు. పొడుగు జడ దువ్వుకునేటప్పుడు ఆడవాళ్లు మధ్యలో జుట్టు బిగించి పట్టుకుని కొసలు దువ్వుతారే, అదే ఇది. సరిగ్గా పట్టారో లేదో కుక్క మొహమే చెప్తుంది, కన్ను ఆర్పకుండా తల మీవైపు తిప్పిందంటే లాగుతోందని.

మొదట దువ్వెన కాదు, వేళ్లు. ఉండను రెండుగా చీల్చడానికి చూడండి, దూదిపింజ విడదీసినట్టు, చర్మం నుంచి బయటివైపుకు నిలువుగా. రెండు ముక్కలైతే ఒక్కోదాన్ని మళ్లీ రెండు. విడనిచోట దువ్వెన చివరి ఒక్క పన్ను గుచ్చి కొసల వైపు చిన్నగా మీటండి. మొత్తం దువ్వెన కాదు, ఒక్క పన్నే. తర్వాత ఎడం పళ్లవైపు దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి అర అంగుళం చొప్పున లోపలికి రండి. కొస సాఫీ అయ్యాకే కొంచెం లోపలికి, అది సాఫీ అయ్యాక ఇంకొంచెం. మొదళ్ల నుంచి ఒకేసారి కిందికి దువ్వారంటే దారిలో ఉన్న చిక్కులన్నీ ఒకచోట చేరి ఉన్నదానికంటే పెద్ద ఉండ అవుతుంది. మూడు నాలుగు మీటులకు ఒకసారి ఆగి స్ప్రే, ఒక చికెన్ తునక. ఆఖరున దగ్గర పళ్లవైపుతో ఒకసారి. అది ఆగకుండా జారిందంటే ఆ ఉండ పని పూర్తయినట్టు.

ఒక్క ఉండకు ఇరవై నిమిషాలు పట్టిన రోజులున్నాయి. మధ్యలో మా అమ్మ వచ్చి "ఎందుకే నీకా తిప్పలు, దానికి తిరపతి గుండు కొట్టించరాదా" అని వెళ్లిపోయేది.

గుండు ఎప్పుడు మేలు

అమ్మ మాటలో నిజం కొంత ఉంది. వేలు దూరని ఉండలు ఒంటి నిండా ఉంటే, గంటల తరబడి దువ్వి ఏడిపించడం కంటే తీసేయడమే దయ. షిట్జూ, మాల్టీస్, లాసా జుట్టు మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది, కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. పమేరియన్ అలా కాదు. దానికి పైన ముతక బొచ్చు, లోపల దూదిలాంటి బొచ్చు, రెండు పొరలు. చర్మం దాకా గీస్తే కొన్నిటికి మళ్లీ సరిగా మొలవదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది, ఎండకు చర్మం కాలుతుంది. రోహిణి కార్తె ఎండలకు తట్టుకోలేదని జాలిపడి పమేరియన్‌కు గుండు కొట్టిస్తుంటారు. వద్దు. లోపలి బొచ్చు దువ్వి తీసేస్తే గాలి దానంతటదే ఆడుతుంది.

ఉండ తీసేయడానికి కత్తెర వాడొద్దు, క్లిప్పర్, అంటే బొచ్చు గీసే మిషను, వాడండి. ఉండను పైకి లాగినప్పుడు కింద చర్మం కూడా డేరాలా పైకి లేస్తుంది, కుక్క చర్మం మన చర్మం కంటే పల్చన, ఆ బొచ్చులో ఎక్కడ వెంట్రుక అయిపోయి ఎక్కడ చర్మం మొదలైందో కంటికి తెలియదు. నా కత్తెర తెగ్గోసింది సరిగ్గా అక్కడే. కుక్కల క్లిప్పర్‌కు 10 నంబరు బ్లేడు పెట్టి, చర్మాన్ని చదునుగా పట్టుకుని, బ్లేడును చర్మానికి సమాంతరంగా ఆనించి, ఉండ కిందుగా నెమ్మదిగా పోనివ్వాలి. ఆ బ్లేడు సుమారు 1.5 మిల్లీమీటర్ల జుట్టు మిగులుస్తుంది. చంకలోనూ తొడ దగ్గరా చర్మం మడతలుంటాయి, అక్కడ ముందు చర్మాన్ని సాపు చేసుకోకుండా బ్లేడు పెట్టొద్దు. రెండు మూడు నిమిషాలకోసారి బ్లేడు మీ మణికట్టుకు ఆనించి చూసుకోండి, చాలా తొందరగా వేడెక్కుతుంది. ఇంట్లో మగవాళ్ల గడ్డం ట్రిమ్మర్ ఈ బొచ్చులో రెండు నిమిషాలకే మొరాయిస్తుంది, ఇరుక్కుని లాగుతుంది కూడా.

క్లిప్పర్ లేదు, ఒక్క ఉండే ఉంది, తప్పదు అనుకుంటే దువ్వెనను ఉండకూ చర్మానికీ మధ్య దూర్చి, దువ్వెనకు పైవైపు మాత్రమే మొండి మొనల కత్తెరతో కోయండి. దువ్వెన దూరకపోతే కోయొద్దు.

చెవుల చుట్టూ పెద్ద అట్టలు తీయించాక ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండండి. అన్నాళ్లూ బిగుసుకుని ఉన్న చెవికి ఒక్కసారిగా రక్తం పారి దురద పెడుతుంది, తల అదే పనిగా విదిలిస్తుంది, ఒక్కోసారి చెవి లోపల నెత్తురు చేరి పూరీలా ఉబ్బుతుంది. అట్లా ఉబ్బితే వెంటనే డాక్టరు దగ్గరికి.

గ్రూమింగ్ షాపుకు ఇస్తే మీరు పక్కన ఉండొచ్చా అని ముందే అడగండి. నేను ఒకచోట వదిలేసి వెళ్తే సాయంత్రానికి మూతి దగ్గర ఎర్రగా గీరుకుపోయి ఇచ్చారు. ఇప్పుడు పక్కన నిలబడనిచ్చే చోటికే తీసుకెళ్తున్నా. ముట్టుకోనివ్వని కుక్కకు మత్తు ఇవ్వాల్సి వస్తే డాక్టరే ఇవ్వాలి. మన నిద్రమాత్ర సగం, పారాసెటమాల్ ముక్క లాంటి సొంత వైద్యాలు ప్రాణం మీదికి తెస్తాయి.

ఉండలన్నీ పోయాక ఒళ్లంతా దువ్వడం

పైపైన దువ్వి బాగుందనుకోవడం ఎంత మోసమో మొదటే చెప్పాను. అందుకని పాపిట తీసి దువ్వాలి. కుక్కను పక్కకు పడుకోబెట్టి, కింద పొట్ట దగ్గర మొదలుపెట్టి, ఎడమచేత్తో బొచ్చంతా పైకి ఎత్తి పట్టుకుని, కింద ఒక్క వేలెడు వరస వదిలి దాన్ని బ్రష్‌తో దువ్వండి. తెల్లగా చర్మం గీత కనిపించాలి. అది అయ్యాక ఇంకో వరస. అట్లా వీపు దాకా. బ్రష్‌ను నొక్కకండి, ఒకేచోట పదేపదే గీస్తే చర్మం కందిపోతుంది. బ్రష్ అయ్యాక దువ్వెన, ఎందుకంటే బ్రష్ అబద్ధం చెప్తుంది, దువ్వెన చెప్పదు.

స్నానం, ఆరబెట్టడం

దువ్వెన సాఫీగా జారాకే నీళ్లు. మూడు నాలుగు వారాలకు ఒకసారి చాలు. మన షాంపూ, కుంకుడుకాయ రెండూ వద్దు, మన చర్మానికీ వాటి చర్మానికీ ఆమ్లగుణంలోనే తేడా ఉంది, కుంకుడు కంట్లో పడితే ఎట్లా ఉంటుందో మనకు తెలియంది కాదు. వేసవిలో మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు నేరుగా పట్టొద్దు, మన ఊళ్లో ఆ నీళ్లతో టీ కాచుకోవచ్చు. పొద్దున్నే బకెట్లో పట్టి ఉంచుకోండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే బొచ్చు జిగటగా, బిరుసుగా ఆరుతుంది, ఆఖరి రెండు చెంబులు మంచినీళ్లు పోయండి. చెవుల్లో దూది పెట్టడం, అయ్యాక తీయడం, రెండూ మర్చిపోవద్దు.

షాంపూ రుద్దేటప్పుడు గుండ్రంగా తిప్పి రుద్దితే తీసిన చిక్కంతా మళ్లీ పడుతుంది. జుట్టు వాలు వెంట పై నుంచి కిందికి పిండినట్టు రుద్దండి. టవల్‌తో కూడా అద్దడమే, తుడవడం కాదు. తర్వాత డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి, దువ్వుతూ ఆరబెట్టండి, మొదళ్ల దాకా. పైన పొడిగా ఉండి చంకల్లో చెమ్మ మిగిలితే వారంలో ఉండ సిద్ధం. ముసురు రోజుల్లో మొత్తం స్నానం మానేసి కాళ్లూ పొట్టా కడిగి ఆరబెట్టడం నయం.

మన ఇసకనేల, మన ముళ్లు

పల్లేరుకాయల గురించి ఇక్కడి వాళ్లకు చెప్పాలా. ఖాళీ ప్లాట్ల వైపు ఒక్క చుట్టు తిప్పితే చాలు, పాదాల వేళ్ల మధ్య ఒకటో రెండో, వాటి చుట్టూ బొచ్చు మెలిపడి సాయంత్రానికి ఉండ. ఉత్తరేణి గింజలు పొట్ట కింద వరసగా పట్టుకుంటాయి. ఇంటికి రాగానే గుమ్మంలోనే నాలుగు పాదాలూ వేళ్ల మధ్య విడదీసి చూడండి, దువ్వెన కంటే వేళ్లతో తీయడమే తేలిక. మైపాడుకో కొత్తపట్నానికో బీచ్‌కు తీసుకెళ్తే ఆ రోజే మంచినీళ్లతో కడగాలి, ఉప్పూ ఇసకా కలిసి ఆరితే ఆ చిక్కు తీయడం నా వల్ల కాదు, మీ వల్లా కాదు.

దువ్వేటప్పుడు గోమారి కనిపిస్తే చిమటాతో చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి. నలపొద్దు. టిక్ ఫీవర్, అంటే గోమారి కుడితే వచ్చే జ్వరం, మన దగ్గర మామూలే, గోమార్లు ఎక్కువై కుక్క తిండి మానేసి డల్‌గా ఉంటే రక్తపరీక్ష చేయించండి. మెడ మీద వేసే మందు బరువును బట్టి డాక్టరు ఇస్తారు, వేయడానికి రెండు రోజుల ముందూ, వేశాక రెండు రోజులూ స్నానం వద్దు.

రోజూ ఎంతసేపు

జుట్టు పొడుగ్గా ఉంచుతానంటే రోజూ పది నిమిషాలు. అంత తీరిక లేకపోతే నిజాయితీగా ఒప్పేసుకుని అంగుళం పొడుగుకు కత్తిరించి ఉంచండి, అప్పుడు వారానికి రెండు మూడుసార్లు చాలు. నేనూ అదే చేశా. మూతి చుట్టూ మాత్రం తిన్న ప్రతిసారీ తడిగుడ్డతో తుడవాలి.

పిల్లను ఇప్పుడే తెచ్చుకున్న వాళ్లకు ఇంకో మాట. ఎనిమిది నెలల నుంచి ఏడాది లోపు పసిబొచ్చు పోయి అసలు బొచ్చు వస్తుంది. ఆ రెండు మూడు నెలలు నిన్న దువ్విన చోట ఇవాళ ఉండ ఉంటుంది. మీ తప్పేం లేదు, అది ఆ వయసు. అన్నాళ్లూ రాత్రిపూట కాలరు తీసేసి గోడకు తగిలించండి, మెడ చుట్టూ సగం చిక్కు దానివల్లే.